మూడు పాటలు, ఒక్క సీడీ, అంతే: పారన్‌మౌమ్ అనే బ్యాండ్ కథ

వీడియో చూసే టైమ్ లేనివాళ్ల కోసం, బస్సులో కూర్చుని చదువుకునేవాళ్ల కోసం ఎప్పటిలాగే ఎపిసోడ్ మొత్తం ఇక్కడ పెడుతున్నాం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంటుంది. మధ్యలో నా దగ్గులు మాత్రం తీసేశాం.

2021 మే నెల గుర్తుందా? సెకండ్ వేవ్. ఫోన్ తీస్తే చాలు, ఆక్సిజన్ ఎక్కడ దొరుకుతుంది, బెడ్ ఎక్కడ ఖాళీగా ఉంది, అవే మెసేజ్‌లు. అలాంటి టైమ్‌లో నా ఫీడ్‌లోకి ఒక వీడియో వచ్చింది. అమెరికాలో లాస్ ఏంజెలెస్ పబ్లిక్ లైబ్రరీ. పుస్తకాల అల్మరాల మధ్య నలుగురు ఆడపిల్లలు నిలబడి పంక్ రాక్ వాయిస్తున్నారు. డ్రమ్స్ వెనక కూర్చున్న పాపకి అప్పుడు పదేళ్లు. తన క్లాస్‌లో ఒక అబ్బాయి వచ్చి, చైనా వాళ్లకి దూరంగా ఉండమని మా నాన్న చెప్పాడు అన్నాడట. ఆ కోపాన్ని పాట చేసి, లైబ్రరీ కప్పు ఎగిరిపోయేలా అరిచి పాడారు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. మీలో చాలామంది చూసే ఉంటారు.

ఆ బ్యాండ్ పేరు ది లిండా లిండాస్. నలుగురిలో ఒక్కళ్ల పేరు కూడా లిండా కాదు. మరి ఆ పేరు ఎక్కడిది అని వెతికితే ఒక జపాన్ సినిమా తగిలింది. 2005లో వచ్చిన లిండా లిండా లిండా. ఆ సినిమా పేరు ఎక్కడిది అంటే ఒక జపాన్ పంక్ పాట, 1987ది. ఈ రెండింటి మధ్యలో ఇంకో బ్యాండ్ ఉంది. సినిమా కోసం పుట్టి, తన పేరు మీద ఒక సీడీ వేసి, సినిమాతోపాటే అయిపోయిన బ్యాండ్. దాని పేరు పారన్‌మౌమ్. ఇవాళ్టి ఎపిసోడ్ దాని గురించి.

సొంత పాట ఒక్కటి కూడా లేని బ్యాండ్ గురించి ఇంతసేపు ఏం చెప్తావ్ అని మా ఎడిటర్ అడిగాడు. చూద్దాం.

ముందు సినిమా కథ చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. స్పాయిలర్ అని భయపడకండి, ఈ సినిమాలో దాచడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక హైస్కూల్. షూటింగ్ జరిగింది గున్మా ప్రాంతంలో, మేబాషి ఊళ్లో ఖాళీ అయిన ఒక పాత హైస్కూల్ బిల్డింగ్‌లో. కథ ప్రకారం స్కూల్ ఫెస్టివల్ దగ్గరపడింది. జపాన్‌లో స్కూల్ ఫెస్టివల్ అంటే మన యాన్యువల్ డే లాంటిది కాదు. చీఫ్ గెస్ట్, జ్యోతి ప్రజ్వలన, గంటసేపు స్పీచ్ ఉండవు. పిల్లలే స్టాల్స్ పెడతారు, పిల్లలే వండుతారు, పిల్లలే నాటకాలేస్తారు. జిమ్ హాల్లో స్టేజి కట్టి బ్యాండ్‌లు వాయిస్తాయి. హైస్కూల్ చివరి సంవత్సరం వాళ్లకి అదే ఆఖరి ఛాన్స్.

ఒక అమ్మాయిల బ్యాండ్. సరిగ్గా ఫెస్టివల్ ముందు గిటార్ వాయించే అమ్మాయికి చేతి వేళ్లకి దెబ్బ తగులుతుంది. దాని మీద ఇంకో గొడవ, పాడే అమ్మాయి మానేస్తుంది. మిగిలింది ముగ్గురు. కీబోర్డ్ వాయించే కేయి, డ్రమ్స్ మీద క్యోకో, బేస్ మీద నోజోమి. కేయి కీబోర్డ్ పక్కనపెట్టి గిటార్ పట్టుకుంటుంది. రాదు, అయినా పట్టుకుంటుంది. ఏ పాట వాయించాలో తెలియక పాత క్యాసెట్‌లు తిరగేస్తుంటే ది బ్లూ హార్ట్స్ అనే బ్యాండ్ పాట వినిపిస్తుంది. ఇదే, ఇదే చేద్దాం అంటారు. మరి పాడేదెవరు? ఇటు వచ్చే అమ్మాయిని అడిగేద్దాం అనుకుంటారు. వచ్చిన అమ్మాయి పేరు సోన్. కొరియా నుంచి వచ్చిన ఎక్స్ఛేంజ్ స్టూడెంట్. జపనీస్ అంతంతమాత్రం. వీళ్లు దూరం నుంచి గబగబా ఏదో అడుగుతారు, ఆమె హాయ్, హాయ్ అంటుంది. అయిపోయింది, ఆమే సింగర్.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. జపనీస్‌లో హాయ్ అంటే అవును. కానీ మాట మధ్యలో వచ్చే హాయ్‌కి చాలాసార్లు అర్థం ఒప్పుకున్నానని కాదు, వింటున్నాను అని. మనం ఫోన్లో ఆఁ, ఆఁ, చెప్పు అంటాం చూడండి, అది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మాకు ఒక జపాన్ క్లయింట్ ఉండేవాళ్లు. ఫస్ట్ కాల్‌లో నేను డిజైన్ మొత్తం వివరిస్తుంటే అవతలి వైపు నుంచి ఒకటే హాయ్‌లు. కాల్ అవ్వగానే మేనేజర్‌కి చెప్పాను, సార్ అన్నీ ఓకే అయ్యాయి అని. రెండు రోజులకి 27 డౌట్‌లతో ఒక ఎక్సెల్ షీట్ వచ్చింది. తప్పు వాళ్లది కాదు, నాదే. కాబట్టి సోన్ హాయ్ అని ఇరుక్కున్న సీన్‌లో అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

సోన్ పాత్ర వేసింది బే డూనా. అప్పటికే కొరియాలో పేరున్న నటి. పార్క్ చాన్‌వుక్ తీసిన సింపతీ ఫర్ మిస్టర్ వెంజెన్స్ 2002లోనే చేసింది. పాతికేళ్ల వయసులో ఇక్కడ స్కూల్ యూనిఫామ్ వేసుకుంది, మనకి అనుమానం రాదు. సెన్స్‌ఎయిట్, కింగ్‌డమ్ సిరీస్‌లు చూసినవాళ్లకి ఆ మొహం తెలుసు.

సరే, నలుగురు దొరికారు. చేతిలో ఉన్నది మూడు రోజులు. నేర్చుకోవాల్సింది మూడు పాటలు.

బ్యాండ్‌కి పేరు కావాలి. సోన్ కొరియా అమ్మాయి కదా, కాబట్టి కొరియన్ పేరు. పారన్ అంటే నీలం. మౌమ్ అంటే మనసు. పారన్‌మౌమ్, నీలి మనసు. తెలుగులో నీలి అనగానే కొంతమంది వేరే సినిమాలు గుర్తుతెచ్చుకుని నవ్వుతారు, నాకు తెలుసు, కానివ్వండి. ది బ్లూ హార్ట్స్ పేరునే కొరియన్‌లోకి తిప్పారన్నమాట. కానీ తిప్పడంలో ఒక చిన్న మార్పు జరిగింది. ఇంగ్లిష్‌లో హార్ట్ అంటే గుండె కూడా అదే, మనసు కూడా అదే. కొరియన్‌లో గుండెకాయకి వేరే మాట ఉంది, మౌమ్ అంటే మనసు మాత్రమే. మన దగ్గర కూడా అంతే కదా, గుండె వేరు, మనసు వేరు. అందుకే ఈ పేరు ఇంగ్లిష్‌లో కంటే మనకి తెలుగులోనే బాగా అర్థమవుతుంది. ఇంకోటి, ఇంగ్లిష్‌లో బ్లూ అంటే దిగులు. కొరియాలో చిన్నపిల్లలు పాడుకునే ఒక పాత పాట పేరులోనే ఈ నీలి మనసు ఉంది. అక్కడ నీలం అంటే దిగులు కాదు, వేసవి పచ్చదనం, తేటగా ఉండే మనసు. ఒక కొరియన్ ఈ బ్యాండ్ పేరు వింటే పంక్ కంటే ముందు ప్రైమరీ స్కూల్ గుర్తొస్తుందన్నమాట.

ఇప్పుడు అసలు విషయం. సినిమాల్లో బ్యాండ్‌లు మామూలుగా ఎలా ఉంటాయి? హీరో గిటార్ పట్టుకుంటాడు, చెయ్యి ఎక్కడో ఉంటుంది, సౌండ్ ఇంకెక్కడి నుంచో వస్తుంది. గిటార్‌కి కేబుల్ కూడా గుచ్చి ఉండదు. మనం తప్పుపట్టం, పాట బాగుంటే చాలు. ఈ సినిమాలో మాత్రం ఆ నలుగురే నేర్చుకున్నారు. డ్రమ్స్ వాయించిన మాయెదా ఆకి, గిటార్ పట్టిన కాషీ యూ ఇద్దరూ నటులు, పాత్ర కోసం వాయిద్యాలు నేర్చుకున్నారు. బే డూనా తన గొంతుతోనే పాడింది. బేస్ వాయించిన సెకినె షియోరి ఒక్కతే నిజం మ్యుజీషియన్. బేస్ బాల్ బేర్ అనే బ్యాండ్‌లో బేసిస్ట్, అప్పటికి వాళ్లింకా చిన్న బ్యాండే.

ఇంత తక్కువ టైమ్‌లో ఇది ఎలా సాధ్యం? పంక్ కాబట్టి సాధ్యం. గిటార్ మొదలుపెట్టి మానేసినవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. చాలామంది మానేసేది బ్యారే కార్డ్ దగ్గర. ఒక వేలితో ఆరు తీగల్ని ఒకేసారి నొక్కాలి. నొప్పి, సౌండ్ రాదు, గిటార్ బీరువా మీదకి వెళ్లిపోతుంది. పంక్‌లో ఎక్కువగా వాడేది పవర్ కార్డ్. లావు తీగల మీద రెండు మూడు స్వరాలు, అంతే. ఒక స్వరం, దాని పంచమం. మన భాషలో చెప్పాలంటే స, ప. మధ్యలో గ లేదు. గాంధారం ఉంటేనే కదా కార్డ్ సంతోషంగా ఉందా, దిగులుగా ఉందా అనేది తెలిసేది. అది లేదు కాబట్టి పవర్ కార్డ్ రెండిటికీ మధ్యలో, గట్టిగా, మొండిగా వినిపిస్తుంది. చేతి వేళ్ల ఆకారం మారదు, ఆ ఆకారాన్నే తీగల మీద పైకీ కిందకీ జరుపుతారు. డ్రమ్స్‌లో కూడా అంతే, నాలుగు లెక్కపెట్టి రెండు మీద, నాలుగు మీద స్నేర్ కొట్టాలి. చెప్పడం ఈజీ. ఆ స్పీడ్‌లో మూడు నిమిషాలు చెయ్యి పడిపోకుండా కొట్టడం కష్టం. లిండా లిండా పాట మొదట నెమ్మదిగా నడుస్తుంది, గిటార్, గొంతు, అంతే. తర్వాత ఒక్కసారిగా నలుగురూ కలిసి దూకాలి. ఆ దూకే చోట డ్రమ్మర్ సెకనులో పావు వంతు లేటయినా అందరూ పడిపోతారు. సినిమాలో రిహార్సల్ సీన్‌లన్నీ ఇవే, పడటం, లేవటం, మళ్లీ మొదటి నుంచి.

డైరెక్టర్ యామాషితా నోబుహిరో. కెమెరాని ఒక మూల పెట్టి వదిలేస్తాడు. పిల్లలు కూర్చుని ఉంటారు, ఎవరో ఏదో తింటారు, ఎవరూ ఏమీ మాట్లాడరు. 114 నిమిషాల సినిమా, మొదటి అరగంట మీకు ఫోన్ వైపు చెయ్యి వెళ్తుంది. నాకూ వెళ్లింది. ఓపిక పట్టమని మాత్రం చెప్తాను. ఈయనే 2024లో లెట్స్ గో కరోకే తీసింది. అది చూసి నచ్చినవాళ్లకి ఇది ఇంకా నచ్చుతుంది.

సినిమాకి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఇచ్చింది ఎవరనుకున్నారు? జేమ్స్ ఈహా. ది స్మాషింగ్ పంప్‌కిన్స్ గిటారిస్ట్. 90ల్లో అమెరికా రాక్‌లో పెద్ద పేరు. ఆయన్ని తెచ్చుకుని కూడా సినిమా గుండెకాయలా మాత్రం ఈ రాని పిల్లల వాయింపునే పెట్టారు. స్కూల్లో టీచర్‌గా చేసిన నటుడు కోమొతో మసాహిరో కూడా మామూలు ఎంపిక కాదు. ఆయన బ్లూ హార్ట్స్ సింగర్ కోమొతో హిరోతోకి సొంత తమ్ముడు. సినిమాలో ఆ సంగతి ఎక్కడా చెప్పరు. టీచర్ పాపం వీళ్లతో ఏదో మాట్లాడాలని చూస్తూ ఉంటాడు, మాట పెగలదు. అన్న పాటలు పాడే పిల్లల ముందు తమ్ముడు అలా నిలబడ్డాడని తెలిశాక చూస్తే ఆ సీన్ ఇంకోలా ఉంటుంది.

బ్లూ హార్ట్స్ గురించి రెండు ముక్కలు. 1985లో మొదలై 1995లో ఆగిపోయారు. లిండా లిండా 1987 మే నెలలో వచ్చిన సింగిల్. మురుగు కాలవ ఎలుకలో అందం చూసే పాట అది. ఊపు వచ్చాక ఎక్కువసేపు వినిపించేది ఆ పేరొక్కటే, అందుకే జపనీస్ రాని నాలాంటివాడు కూడా అరవగలడు. సినిమా వచ్చేనాటికి ఆ పాటకి 18 ఏళ్లు. అంటే ఇప్పటి ఇంటర్ పిల్లలు తాము పుట్టకముందు పాటని అక్క క్యాసెట్ పెట్టెలో వెతికి పట్టుకున్నట్టు.

ప్రమోషన్ సంగతికి వద్దాం, ఎందుకంటే అసలు ఈ బ్యాండ్ పుట్టింది దానికే. సినిమా 2005 జులైలో జపాన్‌లో రిలీజైంది. దానితోపాటు వీ ఆర్ పారన్‌మౌమ్ అని ఒక సీడీ వచ్చింది. చూడండి, అది సినిమా సౌండ్‌ట్రాక్ అని రాలేదు. నటీమణుల పేర్లతో రాలేదు. పారన్‌మౌమ్ అనే బ్యాండ్ తొలి సీడీ అన్నట్టే వచ్చింది. మేమే పారన్‌మౌమ్ అని పరిచయం చేసుకుంటున్నట్టు పేరు కూడా అదే పెట్టారు. తొలిదీ అదే, ఆఖరిదీ అదే.

మన దగ్గర ప్రమోషన్ అంటే లిరికల్ వీడియో, ప్రీ రిలీజ్ ఈవెంట్, కాలేజీ టూర్. పాత్ర తెరలోనే ఉండిపోతుంది, బయటికొచ్చేది స్టార్. జపాన్‌లో పాత్రే బయటికొచ్చి సీడీ వేస్తుంది. ఇది వాళ్లకి మామూలే. అదే 2005లో సెప్టెంబర్‌లో నానా సినిమా వచ్చింది. యజావా ఆయ్ మాంగా ఆధారంగా తీశారు. అందులో పంక్ సింగర్ నానా పాత్ర వేసింది నకాషిమా మికా, అప్పటికే పెద్ద సింగర్. పాట రాసింది మాంగా రచయిత్రే, ట్యూన్ కట్టింది లార్క్ ఆన్ సియెల్ బ్యాండ్ సింగర్ హైడ్. సీడీ మీద పేరు నానా స్టారింగ్ నకాషిమా మికా. ఆ పాట జపాన్ ఒరికాన్ చార్ట్‌లో నంబర్ వన్ కొట్టింది. ఈమధ్య బొచ్చి ది రాక్ యానిమేలో బ్యాండ్ కూడా అంతే కదా, యానిమే అయ్యాక ఆల్బమ్, ఆ తర్వాత నిజం స్టేజి మీద లైవ్ షోలు.

నానాకి, పారన్‌మౌమ్‌కి తేడా ఏంటంటే, నానాలో గెలిచే గుర్రాన్నే తెచ్చి పరిగెత్తించారు. అది మార్కెటింగ్, తప్పేం లేదు, పాట కూడా సూపర్. పారన్‌మౌమ్ సీడీలో అమ్మింది చేతకానితనం. కొత్తగా నేర్చుకున్న చేతులు, అరువు తెచ్చుకున్న పాటలు, జపనీస్ నోరు తిరగని సింగర్. నిజం చెప్పాలంటే సీడీని విడిగా వింటే గొప్పగా ఏం ఉండదు. ఒరిజినల్ పక్కన పెడితే తేలిపోతుంది. హిరోతో గొంతులో ఉండే పిచ్చి బే డూనా గొంతులో లేదు. సినిమా చూశాక వింటే మాత్రం ఆ గొంతు వెనక మూడు రోజులు వినిపిస్తాయి. నిద్రలేని కళ్లు, ఖాళీ క్లాస్‌రూమ్, కారిడార్‌లో పరుగులు. వేరే ఏ బ్యాండ్ వాయించినా అవి రావు.

ఇంకో లెక్క కూడా ఉంది, ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దక్షిణ కొరియాలో జపాన్ పాప్ కల్చర్ మీద దశాబ్దాల పాటు నిషేధం ఉండేది. వలస పాలన గాయం అది, 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ చేతిలో ఉంది. 1998 నుంచి ఆ నిషేధాన్ని మెట్టు మెట్టుగా తీస్తూ వచ్చారు. జపనీస్‌లో పాడిన సీడీలు కొరియా షాపుల్లో అమ్ముకోవచ్చు అన్నది 2004 జనవరిలో. అంటే ఒక కొరియన్ నటి జపనీస్‌లో పాడిన ఈ సీడీనే 2003లో వచ్చుంటే సియోల్‌లో షాపులో పెట్టడానికి వీలుండేది కాదు. జపాన్ వైపు చూస్తే, వింటర్ సొనాటా అనే కొరియన్ సీరియల్ అప్పుడే ఇళ్లలో ఆడవాళ్లందరినీ పిచ్చెక్కించింది. 2005ని రెండు దేశాలూ స్నేహ సంవత్సరం అని అధికారికంగా ప్రకటించుకున్నాయి.

సినిమాకి ఇదంతా తెలుసు. తెలిసి కూడా స్పీచ్ ఇవ్వదు. ఫెస్టివల్‌లో సోన్‌కి అప్పగించిన పని ఏంటో తెలుసా? జపాన్ కొరియా సాంస్కృతిక సంబంధాల ఎగ్జిబిషన్. ఒక గదిలో చార్ట్‌లు అంటించి ఆమెని కూర్చోబెడతారు. ఎవ్వరూ రారు. ఆ గది ఖాళీ. ఇంకో పక్క బ్యాండ్ రూమ్‌లో మాత్రం ముగ్గురు జపాన్ అమ్మాయిలు, ఒక కొరియా అమ్మాయి నూడుల్స్ పంచుకు తింటూ పాట మధ్యలో తప్పు ఎవరిదో కొట్టుకుంటూ ఉంటారు. ఒక అబ్బాయి సోన్‌ని పిలిచి కష్టపడి నేర్చుకున్న కొరియన్‌లో ప్రేమిస్తున్నానని చెప్తాడు. ఆమె కొరియన్‌లో అడుగుతుంటే అతనికి అర్థం కాదు, చివరికి ఆమె జపనీస్‌లోకి దిగి, నువ్వంటే అయిష్టం లేదు, ఇష్టమూ లేదు అన్న రకంగా చెప్పి బ్యాండ్ వాళ్ల దగ్గరికి పారిపోతుంది. ఆ అబ్బాయి ఎవరో కాదు, మాత్సుయామా కెనిచి. మరుసటి సంవత్సరం డెత్ నోట్ సినిమాలో ఎల్ వేసింది ఈయనే. అదే డెత్ నోట్‌లో లైట్ గర్ల్‌ఫ్రెండ్ షియోరిగా చేసింది మన గిటారిస్ట్ కాషీ యూ. డెత్ నోట్ ఫ్యాన్స్ ఇప్పుడే పాజ్ కొట్టి వెతుక్కుంటున్నారని తెలుసు.

నాకు ఈ సినిమాలో బాగా నచ్చిన చోటు రాత్రి సీన్. అందరూ రిహార్సల్‌లో ఉంటే సోన్ ఒక్కతే బయటికొచ్చి ఖాళీ స్టాల్స్ మధ్య నడుస్తుంది. చీకట్లో జిమ్ హాల్‌కి వెళ్తుంది. స్టేజి ఎక్కుతుంది. ఎదురుగా ఒక్క మనిషి లేడు. అక్కడ నిలబడి కొరియన్‌లో తన బ్యాండ్‌ని పరిచయం చేస్తుంది, ఒక్కొక్కళ్ల పేరు పిలిచి. రోజంతా నోట మాట రాని అమ్మాయి, తన భాషలో మాత్రం పక్కా యాంకర్.

ఫెస్టివల్ రోజు ఏమవుతుంది? అలిసిపోయి నిద్రపోతారు. లేచేసరికి టైమ్ దాటిపోయింది. బయట వాన. తడిసి ముద్దై పరిగెత్తుకుంటూ వస్తారు. అప్పటిదాకా స్టేజి ఖాళీ ఉండకూడదని చేతికి దెబ్బ తగిలిన పాత గిటారిస్ట్ ఎక్కి ఒక నెమ్మది పాట పాడుతూ ఉంటుంది. వాన వల్ల జనం హాల్లోకి చేరతారు. వీళ్లు వస్తారు, ప్లగ్ గుచ్చుతారు, నాలుగు లెక్కపెడతారు. పాడేది రెండే పాటలు, లిండా లిండా, ఓవరనాయ్ ఉతా. రెండోదాని పేరుకి అర్థం ముగియని పాట. అది నడుస్తుంటే కెమెరా హాల్లోంచి బయటికి వెళ్లి ఖాళీ స్కూల్‌ని, వానలో తడుస్తున్న స్టాల్స్‌ని చూపిస్తుంది. కప్ గెలవరు, ఏ కంపెనీ వాళ్లూ వచ్చి కార్డ్ ఇవ్వరు. అక్కడితో సినిమా కట్.

తర్వాత ఎవరి దారి వాళ్లది. సెకినె షియోరి తన బేస్ బాల్ బేర్‌తోనే ఉంది, 2006లో వాళ్లు పెద్ద లేబుల్‌కి వెళ్లారు. బే డూనా 2006లోనే బాంగ్ జూన్‌హో తీసిన ది హోస్ట్ చేసింది, తర్వాత హాలీవుడ్. మాయెదా ఆకి, కాషీ యూ నటనలోనే కొనసాగారు. పారన్‌మౌమ్ పేరు మీద ఇంకో సీడీ రాలేదు. కానీ సినిమా చేతులు మారుతూ అమెరికా చేరింది, లాస్ ఏంజెలెస్‌లో నలుగురు పిల్లలకి పేరైంది. ఆ పిల్లల మొదటి ఆల్బమ్ 2022లో వచ్చింది, 2024లో గ్రీన్ డే టూర్‌లో ముందు వాయించారు. 2025లో సినిమాకి 20 ఏళ్లయితే ఫోర్‌కేలో బాగుచేసి జపాన్‌లో, అమెరికాలో మళ్లీ థియేటర్లలో వేశారు.

ఇక నా సంగతి. ఈ ఎపిసోడ్ ఎందుకు చేశానో చెప్పకుండా ఉండలేను.

బీటెక్ థర్డ్ ఇయర్‌లో మాకూ ఒక బ్యాండ్ ఉండేది. నలుగురం. నాది రిథమ్ గిటార్. రెండు నెలలు హాస్టల్ రూమ్‌లో పక్క రూమ్ వాళ్ల తిట్లు తింటూ ప్రాక్టీస్ చేశాం. కాలేజ్ ఫెస్ట్‌కి పేరు ఇచ్చాం. పది రోజుల ముందు మా సింగర్‌కి ఇంటర్న్‌షిప్ వచ్చింది, బెంగళూరు వెళ్లిపోయాడు. వాడి తప్పేం లేదు, నేనైనా వెళ్లేవాణ్నే. మిగతా ముగ్గురం క్యాంటీన్‌లో కూర్చుని పది నిమిషాల్లో తేల్చేశాం, ఇంత తక్కువ టైమ్‌లో కొత్తవాడితో చేస్తే పరువు పోతుంది, పేరు తీసేద్దాం అని. తీసేశాం. ఫెస్ట్ రోజు జనంలో నిలబడి, ట్రాక్ పెట్టుకుని పాడిన జూనియర్స్‌ని చూసి నవ్వుకున్నాం కూడా. అక్కడితో బ్యాండ్ అయిపోయింది. ఒక్క షో కూడా చేయకుండా. మిగిలింది ఫోన్లో 40 సెకన్ల వీడియో, అందులో పాట కంటే ఫ్యాన్ సౌండ్ ఎక్కువ.

చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగం మానేయాలా వద్దా అని కొట్టుకుంటున్న రోజుల్లో, అర్ధరాత్రి ఈ సినిమా చూశాను. ఆ ముగ్గురు కూర్చుని, ఇటు వచ్చే అమ్మాయిని అడిగేద్దాం అన్న సీన్ దగ్గర పాజ్ కొట్టి కాసేపు అలా కూర్చున్నాను. మా క్యాంటీన్ టేబుల్ ముందు నుంచి ఆ రోజు కనీసం వందమంది వెళ్లుంటారు. ఒక్కణ్ని అడగలేదు.

మా వాట్సాప్ గ్రూప్ ఇంకా ఉంది, బర్త్‌డే విషెస్‌కి తప్ప వాడట్లేదు. పోయిన వారం ఈ ఎపిసోడ్ స్క్రిప్ట్ రాస్తూ ఆ 40 సెకన్ల వీడియో అందులో పడేశాను. డాలస్‌లో ఉన్న మా డ్రమ్మర్‌కి అది రాత్రి మూడు. రెండు నిమిషాల్లో రిప్లై పెట్టాడు, సంక్రాంతికి వస్తున్నా, ప్రాక్టీస్ ఎక్కడ అని. బేస్ వాడు విజయవాడలోనే ఉన్నాడు, వాళ్ల మేడ మీద గది ఖాళీగా ఉందట. మూడు పాటలు అనుకున్నాం. సింగర్‌ని అడిగితే, నావల్ల కాదురా, గొంతు పోయింది, జనంలో నిలబడి చూస్తా అన్నాడు.

సింగర్ మాత్రం ఇంకా దొరకలేదు.